బ్రెగ్జిట్: బ్యాలెట్‌లో అడగని ప్రశ్న

2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్ల చేతికిచ్చిన కాగితం మీద ఉన్నది ఒక్కటే ప్రశ్న: యునైటెడ్ కింగ్‌డమ్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో కొనసాగాలా, వైదొలగాలా? దాని పక్కన రెండు గళ్లు. వైదొలగాలని 1,74,10,742 మంది, కొనసాగాలని 1,61,41,241 మంది గుర్తు పెట్టారు. శాతాల్లో చూస్తే 51.9, 48.1. వైదొలిగాక సరిహద్దులో తనిఖీ ఎక్కడ జరుగుతుంది, ఎవరి నిబంధన చెల్లుతుంది, పాత బాకీలు ఎవరు తీరుస్తారు అన్నవి ఆ కాగితం మీద లేవు. వాటికి జవాబులు తరవాత నాలుగున్నరేళ్ల బేరసారాల్లో తేలాయి. ఓటరుగా నా అభ్యంతరం ఫలితం మీద కాదు, ముందు ఓటు, తరవాత షరతులు అన్న ఆ వరస మీద.

తెలుగువాళ్లకి ఇందులో ఏం పని అనుకోవద్దు. బ్రిటన్‌లో ఉండే కామన్‌వెల్త్ పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కుంది, 2016 రెఫరెండానికీ అదే నియమం వర్తించింది. భారత పాస్‌పోర్టు, 18 ఏళ్ల వయసు, బ్రిటన్‌లో నివాసం, చెల్లుబాటులో ఉన్న వీసా ఉంటే చాలు. మాస్టర్స్ చదవడానికి గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన విద్యార్థికి ఆ రోజు ఓటుంది. ఏళ్ల తరబడి లండన్‌లో పన్ను కడుతున్న ఫ్రెంచి నర్సుకి లేదు. ఈయూ దేశాల్లో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకు మాత్రమే ఆ రోజు ఓటు వేసే అర్హత ఉంది. మనకి ఓటుంది కాబట్టి ఈయూతో కుదిరిన ఒప్పందాన్ని చదివి అర్థం చేసుకునే బాధ్యత కూడా మనదే.

మొదట గడువు సంగతి. లిస్బన్ ఒప్పందంలోని ఆర్టికల్ 50 ప్రకారం, వైదొలగదలచిన దేశం రాతపూర్వకంగా ఆ సంగతి తెలిపిన రోజు నుంచి రెండేళ్లు లెక్క. ఒప్పందం కుదరకపోయినా ఆ రోజుతో సభ్యత్వం ముగుస్తుంది. పొడిగించాలంటే మిగతా 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఉత్తరం ఇవ్వనంతకాలం పట్టు వైదొలిగే దేశానిది. ఇచ్చిన క్షణం నుంచి అవతలివాళ్లది. అందుకే ఏం కావాలో ఇంట్లో తేల్చుకున్నాకే ఆ ఉత్తరం పంపాలి. జరిగింది వేరు. పార్లమెంటు అనుమతి లేకుండా ప్రభుత్వం ఆ ఉత్తరం ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2017 జనవరి 24న 8–3తో తీర్పిచ్చింది. పార్లమెంటు చట్టం చేసింది. మార్చి 29న అప్పటి ప్రధాని థెరెసా మే ఉత్తరం పంపారు. పంపిన మూడు వారాలకే మధ్యంతర ఎన్నికలు ప్రకటించారు. జూన్ 8న మెజారిటీ పోగొట్టుకుని, ఉత్తర ఐర్లండ్‌కి చెందిన డీయూపీ పార్టీ 10 సీట్ల మీద ఆధారపడ్డారు. చర్చలు జూన్ 19న మొదలయ్యేసరికి రెండేళ్లలో దాదాపు పన్నెండు వారాలు కరిగిపోయాయి.

చర్చల వరసని ఈయూ ముందే ఖరారు చేసుకుంది. ముందు పౌరుల హక్కులు, బాకీల లెక్క, ఐర్లండ్ సరిహద్దు. ఈ మూడింటిలో తగినంత పురోగతి కనిపిస్తేనే వాణిజ్యం మాట. ఈ వరస మీద వేసవంతా పోరాడతామన్న బ్రిటన్ మంత్రి డేవిడ్ డేవిస్ తొలిరోజే ఒప్పుకున్నారు. అవతల ఈయూ తరఫున మొదటి నుంచి చివరిదాకా మిషెల్ బార్నియే ఒక్కరే. ఇవతల ఆ కుర్చీలో డేవిస్, డొమినిక్ రాబ్, స్టీఫెన్ బార్క్‌లే వరసగా మారారు. ఆఖరి దశలో డేవిడ్ ఫ్రాస్ట్ వచ్చారు.

బాకీల లెక్క మీద ఓటర్లకి ఎక్కువ కోపం వచ్చింది, కానీ తేలిగ్గా తేలింది అదే. ఉమ్మడి ఆస్తి పంచుకునేటప్పుడు అప్పులూ పంచుకోక తప్పదు. 2020 చివరిదాకా బడ్జెట్ వాటా, సభ్యదేశంగా ఉన్నప్పుడు మాటిచ్చి ఇంకా చెల్లించని పథకాల సొమ్ము, ఈయూ ఉద్యోగుల పెన్షన్లలో వాటా కలిపి 2018లో వేసిన అంచనా 3,500 నుంచి 3,900 కోట్ల పౌండ్లు. మరోవైపు యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో బ్రిటన్ పెట్టిన 350 కోట్ల యూరోల మూలధనం 12 వాయిదాల్లో వెనక్కి వచ్చే ఏర్పాటు. పెన్షన్ల భాగం 2060ల దాకా సాగుతుంది.

ఈయూకి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామంటూ వైదొలగమన్నవాళ్లు ప్రచారంలో ఎర్ర బస్సు మీద రాసిన మాట కూడా ఇక్కడే లెక్క చూడాలి. 2015లో బ్రిటన్ వాటా కాగితం మీద 1,780 కోట్ల పౌండ్లు. అందులో 490 కోట్ల రిబేటు ముందే మినహాయించేవారు, ఆ సొమ్ము అసలు దేశం దాటేదే కాదు. పంపిన 1,290 కోట్లలో 440 కోట్లు రైతుల రాయితీలుగా, ప్రాంతీయ నిధులుగా తిరిగొచ్చేవి. నికరంగా 850 కోట్లు, వారానికి సుమారు 16 కోట్లు. సగానికన్నా తక్కువ. ఇదేమీ రహస్య లెక్క కాదు, ఖజానా శాఖ ప్రకటించేదే. ఓటరు అడగాల్సింది స్థూలమా, నికరమా అని.

అసలు ముడి ఐర్లండ్. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్, ఈయూ దేశమైన ఐర్లండ్ ఉన్నది ఒకే ద్వీపం మీద. వాటి మధ్య సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు, దాన్ని దాటే దారులు 200 పైచిలుకు. పొలాల మధ్య నుంచి, ఇళ్ల పెరళ్ల మధ్య నుంచి పోయే గీత అది. ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింసకి తెరదించుతూ 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం తరవాత అక్కడ సైనిక చెక్‌పోస్టులు పోయాయి. సరుకుల తనిఖీ కూడా లేకపోవడానికి కారణం మాత్రం రెండు దేశాలూ ఒకే నిబంధనల సింగిల్ మార్కెట్‌లో, ఒకే సుంకాల కస్టమ్స్ యూనియన్‌లో ఉండటం. ఈ రెండో కారణాన్ని 2016 ప్రచారంలో పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ.

బ్రిటన్ ప్రభుత్వం మూడు మాటలిచ్చింది. సింగిల్ మార్కెట్ నుంచీ కస్టమ్స్ యూనియన్ నుంచీ పూర్తిగా బయటికొస్తాం. ఐర్లండ్ ద్వీపం మీద సరిహద్దు తనిఖీ పెట్టం. ఉత్తర ఐర్లండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్య కూడా తనిఖీ పెట్టం. ఈ మూడింటిలో ఏ రెండైనా నెరవేర్చవచ్చు, మూడూ కలిపి కుదరవు. రెండు వేరువేరు సుంకాల, నిబంధనల ప్రాంతాలున్నప్పుడు వాటి మధ్య ఎక్కడో ఒకచోట సరుకుని ఆపి చూడాలి. ఈ మూడింటిలో ఏది వదులుకోవాలన్నదే ఓటరుని అడగాల్సిన ప్రశ్న. 2016లో అడగలేదు, ఉత్తరం పంపే ముందూ అడగలేదు.

థెరెసా మే ఒప్పందం మొదటి మాటని వదులుకుంది. వేరే పరిష్కారం దొరికేదాకా దేశమంతా ఈయూతో ఒకే సుంకాల ప్రాంతంగా ఉండాలన్నది బ్యాక్‌స్టాప్. అందులోంచి బ్రిటన్ తనంతట తాను బయటికి రావడానికి వీల్లేదు. 585 పేజీల ఆ ఒప్పందాన్ని ఈయూ నేతలు 2018 నవంబర్ 25న ఆమోదించారు. బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్ మూడుసార్లు తిప్పికొట్టింది: 2019 జనవరి 15న 432–202, మార్చి 12న 391–242, మార్చి 29న 344–286. పూర్తిగా తెంచుకోవాలనేవాళ్లూ, అసలు వెళ్లకూడదనేవాళ్లూ ఒకే గుమ్మం దాటి వ్యతిరేకంగా ఓటేశారు.

ఆ రోజుల్లో జరిగిన ఇంకో ఓటింగ్‌ని జనం మరిచిపోయారు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మార్చి 27న సభ్యులు ప్రభుత్వాన్ని పక్కనపెట్టి ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద విడివిడిగా ఓటేశారు. ఎనిమిదీ వీగిపోయాయి. ఏప్రిల్ 1న నాలుగింటి మీద మళ్లీ ఓటేశారు. శాశ్వత కస్టమ్స్ యూనియన్ కావాలన్న కెన్నెత్ క్లార్క్ తీర్మానం 273–276తో, మూడంటే మూడు ఓట్ల తేడాతో పోయింది. ఒప్పందాన్ని మళ్లీ ప్రజల ముందు పెట్టాలన్నది 280–292తో పోయింది. ఇష్టమైన వరసలో 1, 2, 3 అని రాసే పద్ధతి పెట్టి ఉంటే ఏదో ఒకటి తేలేది. ఒక్కోదానికీ అవుననో కాదనో చెప్పమనేసరికి, ప్రతివాళ్లూ తమకి నచ్చనివన్నీ కొట్టేశారు. ఇలాంటి నిర్ణయం ఏ దేశ పార్లమెంటు ముందుకొచ్చినా ఓటు పద్ధతినే ముందు చూడాలి.

బోరిస్ జాన్సన్ 2019 జులై 24న ప్రధాని అయ్యారు. అక్టోబర్ 17న కొత్త ఒప్పందం తెచ్చారు. అందులో వదులుకున్నది మూడో మాట. ఉత్తర ఐర్లండ్ చట్టరీత్యా బ్రిటన్ సుంకాల ప్రాంతంలోనే ఉంటుంది, కానీ సరుకుల విషయంలో ఈయూ నిబంధనలు పాటిస్తుంది. అంటే తనిఖీ ఉత్తర ఐర్లండ్‌లోని లార్న్, బెల్‌ఫాస్ట్ రేవుల్లో. ఐరిష్ సముద్రంలో సరిహద్దు రాదని ఎన్నికల ప్రచారంలో చెప్పారు. ఒప్పందం పాఠం చదివినవాళ్లకి అది వస్తుందని అప్పుడే తెలుసు. డిసెంబర్ 12న ఆయన 365 సీట్లతో గెలిచారు. 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ బయటికొచ్చింది.

ఆ ఒప్పందం అమల్లోకొచ్చాక జరిగింది ఇదీ. ఇంగ్లండ్ గిడ్డంగి నుంచి బెల్‌ఫాస్ట్ సూపర్‌మార్కెట్‌కి వెళ్లే ఒక లారీలో కొన్ని వందల రకాల సరుకులుంటాయి. మాంసం, పాలు, గుడ్లు ఉన్న ప్రతి రకానికీ విడివిడిగా ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొన్నాళ్లు సడలింపులతో నెట్టారు. డీయూపీ 2022 ఫిబ్రవరిలో ప్రాంతీయ ప్రభుత్వం నుంచి తప్పుకుంది, రెండేళ్లపాటు ఉత్తర ఐర్లండ్ పాలనా కేంద్రం స్టోర్మాంట్‌లో పాలన ఆగిపోయింది. 2023 ఫిబ్రవరి 27న అప్పటి ప్రధాని రిషి సునాక్, ఈయూ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ విండ్సర్ ఒప్పందం ప్రకటించారు. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్మే సరుకుకి గ్రీన్ లేన్, ఐర్లండ్‌కి పోయే అవకాశమున్న సరుకుకి రెడ్ లేన్. గ్రీన్ లేన్‌లో లారీకంతటికీ ఒక్క ధ్రువపత్రం. బదులుగా పొట్లాల మీద ‘ఈయూకి కాదు’ అని లేబుల్. తనిఖీ తగ్గింది, పోలేదు.

ఇక ఈయూతో వాణిజ్య ఒప్పందం. 2020 డిసెంబర్ 24న కుదిరింది, వెయ్యి పేజీలకు పైనే. డిసెంబర్ 30న ఒక్కరోజులో కామన్స్‌లో 521–73తో ఆమోదం పొందింది. రెండు రోజుల్లో అమలు. రొయ్య పొట్టు తీసేంత జాగ్రత్త కూడా లేకుండా ఇంత పెద్ద పత్రాన్ని సభ దాటించడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు. దాన్ని సుంకం లేదు, కోటా లేదు అని అమ్మారు. అది నిజమే, షరతు మాత్రం ఉంది: సరుకు బ్రిటన్‌లోనో ఈయూలోనో పుట్టినదై ఉండాలి.

లండన్‌లో భారతీయ సరుకుల టోకు వ్యాపారిని తీసుకోండి. ఇంతకుముందు ఇండియా నుంచి బట్టలు తెప్పిస్తే రేవులో ఒకసారి సుంకం కట్టి, డబ్లిన్‌కైనా బెర్లిన్‌కైనా ఏ కాగితమూ లేకుండా పంపేవాడు. 2021 నుంచి బ్రిటన్‌లో ఒకసారి, ఈయూలో మరోసారి సుంకం కట్టాల్సి వచ్చింది. ఇండియాలో కుట్టిన చొక్కా లండన్ గిడ్డంగిలో ఉన్నంత మాత్రాన బ్రిటిష్ సరుకు కాదు. మడత విప్పి కొత్త పొట్లంలో పెట్టినా కాదు. దీన్నుంచి తప్పించుకునే దారులు రెండు. బ్రిటన్‌లో సుంకం కట్టకుండా కస్టమ్స్ అనుమతి ఉన్న గిడ్డంగిలో ఉంచి అక్కడి నుంచే పంపడం ఒకటి. ఈయూ వాటాని రోటర్‌డామ్‌కో ఆంట్‌వెర్ప్‌కో నేరుగా దించుకోవడం మరొకటి. రెండోదానికి ఈయూలో కంపెనీ లేదా కస్టమ్స్ ప్రతినిధి, అక్కడి ఈవోఆర్‌ఐ అనే కస్టమ్స్ గుర్తింపు నంబరు, పన్ను రిజిస్ట్రేషన్ కావాలి. పెద్ద కంపెనీలు చేసుకున్నాయి. చిన్నవాళ్లలో చాలామంది ఈయూ ఖాతాదారులను వదులుకున్నారు.

తినే సరుకైతే ఇంకా కష్టం. పాలో మాంసమో చేపో ఉంటే పశువైద్యుడో అధీకృత అధికారో సంతకం చేసిన ఎగుమతి ధ్రువపత్రం కావాలి. సరుకు బయల్దేరే ముందే అవతలి దేశానికి ఆన్‌లైన్‌లో తెలపాలి. ఆ రకం సరుకుని తీసుకునే తనిఖీ కేంద్రం ఉన్న రేవుకే వెళ్లాలి. నలుగురు వ్యాపారుల సరుకు ఒకే లారీలో వెళ్లినప్పుడు ఒకరి కాగితంలో కోడ్ తప్పుంటే మిగతా ముగ్గురి సరుకూ ఆగుతుంది. 2021 జనవరిలో స్కాట్లండ్ రొయ్యలు, పీతలు పాడైపోయింది ఇలాగే. ఆల్చిప్పల లాంటివి శుద్ధి చేయకుండా బతికుండగా పంపడానికి చాలా ప్రాంతాల నుంచి పూర్తిగా దారి మూసుకుపోయింది.

ఇటు దిగుమతుల మీద బ్రిటన్ తన తనిఖీలను పలుమార్లు వాయిదా వేసింది. చివరికి 2024 జనవరి 31న ధ్రువపత్రాలు, ఏప్రిల్ 30న భౌతిక తనిఖీలు మొదలుపెట్టింది. డోవర్ రేవు, సముద్రం కింది సొరంగమైన యూరోటన్నెల్ మార్గాల్లో ఒక్కో సరుకు రకానికి 29 పౌండ్ల దాకా, ఒక కన్‌సైన్‌మెంట్‌కి గరిష్ఠంగా 145 పౌండ్ల రుసుము పెట్టింది. జున్ను, పూలు తెచ్చే చిన్న దుకాణాలకి ఇది నేరుగా తగిలింది.

బ్రిటన్ బడ్జెట్ అంచనాల సంస్థ ఓబీఆర్ లెక్క ప్రకారం, ఈయూలో ఉండి ఉంటే ఉండేదానికన్నా దీర్ఘకాలంలో ఉత్పాదకత 4% తక్కువ. ఇది ఒకేసారి పడే దెబ్బ కాదు, ఏళ్లమీద నెమ్మదిగా పేరుకునేది. అందుకే రేపటి వార్తల్లో కనిపించదు.

మరి లాభం? ఉంది, దాన్నీ చెప్పాలి. కస్టమ్స్ యూనియన్‌లో ఉన్న దేశం సొంతంగా సుంకాల ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు. 2025 జులై 24న ఇండియాతో బ్రిటన్ సంతకం చేసిన ఒప్పందం బ్రెగ్జిట్ లేకపోతే ఈ రూపంలో వచ్చేది కాదు. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతులకి బ్రిటన్ మార్కెట్‌లో సుంకం పోవడం చిన్న విషయం కాదు. తాత్కాలికంగా బ్రిటన్‌కి పంపే ఉద్యోగులకు మూడేళ్లపాటు రెండుచోట్లా సామాజిక భద్రత చందా కట్టే బాధ తప్పించే ఏర్పాటు కూడా ఉంది. అది ఐటీలో ఉన్న మనవాళ్లకి నేరుగా పనికొస్తుంది. అయితే కొలత మరవకూడదు. ఈ ఒప్పందం వల్ల జీడీపీకి దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్లు కలుస్తాయని బ్రిటన్ ప్రభుత్వమే అంచనా వేసింది. అది 0.13%. పైన చెప్పిన 4% పక్కన పెట్టి చూడండి.

వలసల విషయంలో వైదొలగమన్నవాళ్లు ఆశించింది ఒకటి, జరిగింది మరొకటి. 2021 జనవరి నుంచి ఈయూ పౌరులకీ మనకీ ఒకే పాయింట్ల వీసా పద్ధతి వచ్చింది. 2021 జులై 1న గ్రాడ్యుయేట్ రూట్ తెరిచి చదువయ్యాక రెండేళ్లు పనిచేసే వీలిచ్చారు. తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో వచ్చింది ఈ దారినే. ఈయూ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు, బయటి నుంచి పెరిగారు, 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది. ఆ వెంటనే తలుపులు బిగించడం మొదలైంది: 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు కాని మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోలేరు, ఏప్రిల్ నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి కనీస జీతం పరిమితి 26,200 నుంచి 38,700 పౌండ్లకు పెరిగింది.

ఇప్పుడు ఓటరు ముందున్నది కొత్త విడత. 2025 మే 19న లండన్ సమావేశంలో ఈయూతో ఆహార, మొక్కల ఆరోగ్య నిబంధనలపై ఉమ్మడి ఏర్పాటుకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. ఈయూ పడవలకు బ్రిటన్ జలాల్లో చేపల వేటని 2038 జూన్ 30 దాకా పొడిగించారు. ఆహార ఏర్పాటు కుదిరితే పైన చెప్పిన ధ్రువపత్రాలు చాలావరకు పోతాయి. దానికి బదులుగా ఈయూ ఆహార నిబంధన మారినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలి, ఆ నిబంధన అర్థం మీద చివరి మాట ఈయూ న్యాయస్థానానిది. నా మట్టుకు ఇది తీసుకోదగిన బేరమే. కానీ ఏం ఇస్తున్నామో తెలిసి తీసుకోవాలి.

మనకి సంబంధించిన ఉదాహరణ ఒకటుంది. 2014 మే 1న ఈయూ ఇండియా నుంచి మామిడి, వంకాయ, కాకర, పొట్లకాయ, చామ ఆకు దిగుమతిని ఆపేసింది. అంతకుముందు ఏడాది 207 కన్‌సైన్‌మెంట్లలో పండు ఈగల వంటి తెగుళ్లు దొరికాయన్నది కారణం. సభ్యదేశంగా బ్రిటన్ తనంతట తాను ఆ నిషేధాన్ని ఎత్తేయలేకపోయింది, మామిడి మీద అది తొలగింది 2015లోనే. కొత్త ఏర్పాటులో ఇలాంటి నిర్ణయం మళ్లీ ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్ నుంచి వస్తుందా, వస్తే బ్రిటన్‌కి ముందుగా తన మాట చెప్పే అవకాశం ఉంటుందా అని మీ నియోజకవర్గం అభ్యర్థిని అడగండి. కస్టమ్స్ యూనియన్‌లోకి తిరిగి వెళదామనే అభ్యర్థి అయితే ఇండియా ఒప్పందంలోని సుంకాల సంగతేంటని అడగండి, రెండూ ఒకేసారి నిలవవు. ఈయూతో వాణిజ్య ఒప్పందాన్నే రద్దు చేస్తామనేవాళ్లకి గుర్తుచేయండి: 12 నెలల నోటీసు చాలు, కానీ అవతలివాళ్లకీ అదే హక్కుంది.

అడగాలంటే ముందు జాబితాలో పేరుండాలి. ఆన్‌లైన్‌లో నమోదుకి ఐదు నిమిషాలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. పోలింగ్‌కి 12 పని దినాల ముందు గడువు ముగుస్తుంది. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి, విద్యార్థుల పేర్లు ఎక్కువగా గల్లంతయ్యేది ఇక్కడే. పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, గడువు తీరినా ఫొటోలో మనిషి గుర్తుపట్టేలా ఉంటే చాలు. ఆధార్, పాన్ కార్డు, భారత డ్రైవింగ్ లైసెన్సు చెల్లవు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చి ఉంటే ఉచితంగా ఇచ్చే ఓటరు గుర్తింపు పత్రానికి పోలింగ్‌కి 6 పని దినాల ముందు సాయంత్రం 5 గంటల్లోపు దరఖాస్తు పెట్టుకోండి.